మడత విప్పని చీర

నేను ఒక సర్వర్‌ని. కంప్యూటర్ జాతిదాన్నే, కాకపోతే నా ముందు కూర్చుని ఎవరూ సినిమాలు చూడరు. ఆఫీసులో మిగతా కంప్యూటర్లు ఇచ్చినవన్నీ దాచిపెట్టి, అడిగినప్పుడు తిరిగి ఇవ్వడమే నా ఉద్యోగం. మోకాలెత్తు నల్లటి పెట్టె, ముందువైపు ఒక మీట, రెండు పచ్చ దీపాలు. ఇప్పుడా దీపాలు వెలగవు. నెల్లూరు వైపు ఒక నేత ఊళ్ళో, చేనేత సహకార సంఘం వారి నూలు గోడౌన్లో, మగ్గాల మీద అరిగి విరిగిన నాడెలకూ పళ్ళూడిన అచ్చులకూ మధ్య పడి ఉన్నాను. నాలో ఏమీ లేదు. శుభ్రంగా తుడిచేశారు. తుడిచేశాక ఇవన్నీ ఎలా గుర్తున్నాయని అడగకండి. దాచమని ఇచ్చినవి డిస్కుల్లో ఉంటాయి, పడ్డ బాధ పెట్టెలో మిగిలిపోతుంది.

పుట్టింది శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో. మొదటి కొలువు చెన్నైలో, పెళ్ళి సంబంధాలు కుదిర్చే ఆఫీసులో. మూడు లక్షల జాతకాలు మోశాను. కట్టుకోబోయేవాళ్ళలో ఏమేం ఉండాలో మనుషులు అంత పొడుగు జాబితా రాసిచ్చి, చివరికి మేనమామ చూపించిన సంబంధానికి తల ఊపేసేవారు. నాలుగేళ్ళకు ఆ ఆఫీసు వాళ్ళు క్లౌడ్‌కు మారారు. ఊరవతల పెద్ద భవనంలో నాలాంటివాటిని వేలకొద్దీ నిలబెట్టి, వాటిలో చోటు అద్దెకిచ్చే వ్యాపారం పేరే క్లౌడ్. పేరుకు మబ్బు, ఉండేది కాంక్రీటు గోడల మధ్య. అలా ఉద్యోగం ఊడి, నెల్లూరులో ఒక పాత కంప్యూటర్ల కొట్టుకు చేరి, అక్కణ్ణుంచి ఈ సంఘానికి వచ్చాను.

సంఘం ప్రెసిడెంటు పెంచలయ్య గారు నన్ను చూసి అన్న మొదటి మాట, "ఇంతేనా? ఇంత దాంట్లో మన డిజైన్లన్నీ పడతాయంటావా పట్టాభీ?" అని. పట్టాభి సంఘంలో గుమాస్తా. కంప్యూటర్ పని అంతా అతనిదే. "ఊరంతా పడతాది సార్" అన్నాడు. అప్పుడు నాకు గర్వం కలిగింది. ఆ గర్వం గురించి తర్వాత చెబుతాను.

నన్ను కొన్నది నిజానికి ఒకే ఒక మనిషి కోసం. ఆమె పేరు కామాక్షమ్మ. సంఘానికి చీరల డిజైన్లు గీసేది ఆమే. గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ బొమ్మ గీస్తే, దాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కితే అంచులో చిలకో హంసో లేస్తుంది. ముప్పై ఏళ్ళు గీసిన కాగితాలు సగం చెదలు తిన్నాయి, సగం ఒక తుఫానులో నానిపోయాయి. ఇక కంప్యూటర్లో గీయమన్నారు. నలభై తొమ్మిదో ఏట మౌస్ పట్టుకుంది ఆ తల్లి. మొదటి వారమంతా అది బల్ల అంచు దాటి కిందపడేది. ఆర్నెల్లకు పట్టాభికే నేర్పే స్థితికి వచ్చింది.

పదకొండేళ్ళలో నాలుగు వందల పన్నెండు డిజైన్లు. ప్రతిదీ నా చేతుల మీదుగానే దాగింది. ఒక మల్లెమొగ్గ కోసం ఆమె మూడు రోజులు గళ్ళు మార్చిన సంగతి నాకు తెలుసు. చివరి రెండేళ్ళూ ఆమె ముక్కు తెరకు తగిలేది. కళ్ళలో నడిమధ్య చూపు కరిగిపోతోందట. నెల్లూరులో డాక్టరు, "ఉన్నదాన్ని నిలబెట్టడమేనమ్మా, పోయింది రాదు" అన్నాడట. ఒకరోజు గీయడం ఆపేసి, పట్టాభితో చెప్పింది: "ఇంక నా వల్ల కాదు నాయనా. గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుండాయి. గీసినయ్యే నా చూపనుకో. వాటిని బద్రంగా పెట్టు." ఆ మాట నేను విన్నాను. ఎప్పటికీ మరిచిపోను.

ఈ ఊళ్ళో రెండు పద్ధతులున్నాయి. వాటిని తెలుసుకుంటేనే జరిగింది అర్థమవుతుంది. మొదటిది, సంఘంలో చీరను మడత మీద తీసుకోరు. నేతగాడు తెచ్చిన చీరను నడవలో రెండు కర్రల మీద నిలువునా విప్పి, వెలుగుకు ఎదురు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమి, తెగిన పోగు లేదని తేలాకే మళ్ళీ మడత వేస్తారు. తెచ్చినవాడు సొంత తమ్ముడైనా అంతే. పెంచలయ్య గారి నాయన ప్రెసిడెంటుగా ఉన్నప్పటి కట్టుబాటు అది.

రెండోది ఆయుధ పూజ. మహర్నవమి నాడు ఈ ఊళ్ళో ఒక్క మగ్గం ఆడదు. నాడెకు, అచ్చుకు, రాట్నానికి పసుపు కుంకుమలు పెట్టి, ఆ రోజుకు వాటిని పడుకోబెడతారు. తెల్లారి దశమి నాడు దణ్ణం పెట్టి మళ్ళీ లేపుతారు. ఆఫీసు తాళం చెవి ఒకటి కామాక్షమ్మ దగ్గర ఉండేది కాబట్టి నా పూజ ఆమెదే. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, మీట పక్కన కుంకుమ పెట్టి, "ఏడాదంతా గొడ్డులాగా చేస్తావు. ఈ ఒక్కరోజన్నా పండుకో తల్లీ" అని నన్ను ఆపేది. మర్నాడు పొద్దున్నే వచ్చి, "లెయ్యి తల్లీ, పనుండాది" అని మీట నొక్కేది. చెన్నైలో నాకెవరూ ఒక్కరోజు సెలవివ్వలేదు. ఏడాదిలో నేను ఎదురుచూసే రోజు అదొక్కటే.

నిరుడు ఎండాకాలం నేను వేడెక్కి రెండు రోజులు ఆగిపోయాను. వయసు మీద పడింది, దాచేదేముంది. సంఘమంతా గగ్గోలెత్తింది. పట్టాభి ఫ్యాను పెట్టి, దుమ్ము ఊది, ఎలాగో లేపాడు గానీ, ఇక దీన్ని నమ్ముకోలేం, క్లౌడ్‌లో పెట్టేద్దాం అన్నాడు. ఏ కంపెనీ క్లౌడ్ అనేదే ప్రశ్న. కబురు పెడితే ముగ్గురు వచ్చారు.

మొదటివాడు బెంగళూరు నుంచి, చాలా పెద్ద కంపెనీ. గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. మీ డిజైన్లు ఒకచోట కాదు, మూడు ఊళ్ళలో మూడు ప్రతులుగా ఉంటాయన్నాడు.

"మూడెందుకబ్బయ్యా?" అన్నాడు పెంచలయ్య.

"ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది సార్."

"అంటే పోతాదని నువ్వే జెప్తుండావే! పైగా మూడు చోట్లంటే మూడు తలుపులు. ఏ తలుపులో ఎవుడు దూరతాడో ఎవరికెరుక?"

ఆయన భయానికి కారణం లేకపోలేదు. నాలుగేళ్ళ క్రితం కామాక్షమ్మ గీసిన నెమలి, ఇక్కడ మగ్గం దిగకముందే ఎక్కడో మరమగ్గాల మీద దిగి, సంతల్లో కుప్పలుగా అమ్ముడుపోయింది. ఎవరు అందించారో తేలలేదు. అప్పటి నుంచి ఆయనకు దొంగతనం తప్ప మరో ప్రమాదం కనిపించదు.

రెండోవాడు నెల్లూరు కుర్రాడే, చిన్న కంపెనీ. బొమ్మలూ గిమ్మలూ లేవు. "మాకు సొంత బిల్డింగు లేదు సార్, పెద్ద కంపెనీ వాళ్ళ దగ్గర చోటు తీసుకుని మీకిస్తాం. ఫోన్ చేస్తే నేనే ఎత్తుతా. ఒక్క మాట సార్, మారినాక కూడా పాత మిషన్‌ని ఒక ఏడాది అట్నే ఉంచుకోండి. దాన్ని కదిలించబాకండి" అన్నాడు. సొంత బిల్డింగు లేదనగానే సభ్యులు మొహాలు చిట్లించారు. నేతగాళ్ళు దళారీల చేతిలో పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మధ్యవాడు అనే మాటే వాళ్ళకు గిట్టదు. పాత మిషన్ సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదు.

మూడోవాడు శ్రీకర్, హైదరాబాదు కంపెనీ మనిషి. తాళాల మీద తాళాలని చెప్పాడు. ఆఖర్లో, "మొత్తం తరలించాక మీ పాత మిషన్‌ని మేమే తుడిచేస్తాం. దాన్ని ఎవరెత్తుకుపోయినా ఒక్క చుక్క కూడా బయటికి రాదు" అన్నాడు. పెంచలయ్య గారి మొహం విప్పారింది.

అయినా బట్టను చేత్తో పట్టి చూడందే కొనే మనిషి కాదాయన. పట్టాభిని వెంటేసుకుని హైదరాబాదు వెళ్ళాడు, ఆ క్లౌడ్ ఉండే భవనాన్ని కళ్ళారా చూడడానికి. గేటు దగ్గర కాపలావాడు రానివ్వలేదు. ఆధార్ కార్డు చూపించినా, సంఘం రబ్బరు ముద్ర చూపించినా లోపలికి వదల్లేదు. రోడ్డవతల టీ కొట్టులో రెండు గంటలు కూర్చుని, ఆ గోడను చూసి తిరిగొచ్చాడు. కోపంతో వచ్చాడనుకున్నారు. కాదు, బ్రహ్మానందంగా వచ్చాడు. "మనల్నే రానీలా! ఇంక దొంగోడెట్టా పోతాడు?" అని అందరికీ చెప్పాడు. అంతటితో కంపెనీ ఖాయమైపోయింది.

సంతకాల రోజు కామాక్షమ్మ గోడవార కుర్చీలో కూర్చుని ఉంది. శ్రీకర్ గొంతు వినిపించిన వైపు తిరిగి ఒక్కటే అడిగింది. "ఈడనుంచి పోయినయ్యన్నీ ఆడ చేరినాయని ఎట్టా తెలస్తాది బాబూ? ఒక్కోటి విప్పి చూపిస్తారా?"

"అక్కర్లేదమ్మా. సిస్టమే చూసుకుంటుంది. లిస్టు వస్తుంది."

"చీరలనుకుంటివా కామాక్షీ, విప్పి చూసేదానికి!" అన్నాడు పెంచలయ్య. అందరూ నవ్వారు. మూలన ఉన్న నేనూ లోపల నవ్వుకున్నాను. పదకొండేళ్ళలో ఒక్క గడీ పోగొట్టలేదన్న పొగరు నాది. చెప్తానన్న గర్వం ఇదే. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

దసరా సెలవుల్లో తరలింపు పెట్టుకున్నారు. ఆఫీసు మూసి ఉంటుంది, ఇంటర్నెట్ లైను ఖాళీగా ఉంటుంది, నాలుగు రోజుల్లో అయిపోతుందని లెక్క. అష్టమి మధ్యాహ్నం శ్రీకర్ వచ్చి నాకు పని పురమాయించాడు. మొత్తం ముప్పై ఎనిమిది ఫోల్డర్లు. ముందు అన్నిటి పేర్లతో క్లౌడ్‌లో ఖాళీ అరలు కట్టాలి, తర్వాత ఒక్కోదాన్నీ నింపుకుంటూ రావాలి. బరువైనది కదా అని కామాక్షమ్మ ఫోల్డర్‌ను ఆఖర్న పెట్టాడు. 'ఆపవద్దు' అని ఇంగ్లీషులో ఒక కాగితం రాసి మానిటర్‌కు అంటించి, పట్టాభికి చెప్పి వెళ్ళిపోయాడు. పట్టాభి తాళం వేసి, పెళ్ళాంబిడ్డలతో గూడూరులో అత్తగారింటికి పోయాడు. కామాక్షమ్మకు చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. కంప్యూటర్ మార్పిడి గురించి చూపు సరిగా లేని పెద్దావిడకు చెప్పి ఏం లాభం అనుకుని ఉంటారు. ఆమె గీసినవే వెళ్తున్నాయన్న సంగతీ, నవమి నాడు నన్ను పడుకోబెట్టేది ఆమేనన్న సంగతీ తట్టినట్టు లేదు.

నవమి నాడు పొద్దున్నే తలంటు పోసుకుని ఆమె వచ్చింది. చేతిలో పళ్ళెం, కొత్త గుడ్డముక్క. అప్పటికి నేను ముప్పై ఏడు ఫోల్డర్లు పూర్తి చేసి, ఆమె ఫోల్డర్ అందుకున్నాను. తొమ్మిది డిజైన్లు వెళ్ళాయి. పదోది వెళుతోంది.

మానిటర్‌ను తుడుస్తుంటే కాగితం చేతికి తగిలింది. ఊడదీసి కళ్ళ దగ్గర పెట్టుకుంది, అక్షరాలు ఆనలేదు. రాత ఉన్న కాగితాన్ని ఆమె ఎన్నడూ పారేయదు. కళ్ళకద్దుకుని బల్లమీద పెట్టింది. నాకు కుంకుమ పెట్టింది. "ఈ ఒక్కరోజన్నా పండుకో తల్లీ" అంది.

నేను ఏం చేయగలను? నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. 'పని ఇంకా జరుగుతోంది, ఆపమంటారా?' అని తెర మీద అడిగాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఎప్పుడు ఆపినా నేను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను. మనుషులు చదవకుండానే సరే అని నొక్కుతూనే ఉంటారు. చూపున్నవాళ్ళే చదవరు, ఆమెను ఏమని అనను? చేతి అలవాటు మీద సరే నొక్కింది. చెప్పినమాట వినే దాన్ని కాబట్టి, బుద్ధిగా ఆగిపోయాను. మొరాయించి ఉంటే బాగుండేది. ఎండాకాలం ఊరికే మొరాయించినదాన్ని, అవసరమైన రోజున మొరాయించలేకపోయాను.

దశమి నాడు వచ్చి లేపింది. లేచాను. కానీ ఆగిపోయిన పనిని మళ్ళీ మొదలుపెట్టమని నాకు ఎవరో చెప్పాలి. ఆ చెప్పేవాడు హైదరాబాదులో పండగ చేసుకుంటున్నాడు.

సెలవులయ్యాక శ్రీకర్ వచ్చాడు. కాగితం బల్లమీద చూసి, గాలికి ఊడిందేమో అనుకున్నాడు పట్టాభి. లిస్టు తీశారు. ఇక్కడ ముప్పై ఎనిమిది పేర్లు, అక్కడా ముప్పై ఎనిమిదే. ఒకటి రెండు విప్పి చూశారు, పైనున్నవి. నిండుగా ఉన్నాయి. "అన్నీ వచ్చేశాయి సార్" అన్నాడు శ్రీకర్. పెంచలయ్య కళ్ళద్దాలు పెట్టుకుని పేర్లు లెక్కపెట్టాడు. పట్టాభి సంతకం పెట్టాడు. తమ్ముడు తెచ్చిన చీరనైనా విప్పి చూడందే తీసుకోని సంఘం, మడతలు లెక్కపెట్టి ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నమే నన్ను తుడిచారు. ఒకసారి కాదు, ఏడుసార్లు. చిలకలు పోయాయి, హంసలు పోయాయి, మూడు రోజుల మల్లెమొగ్గ పోయింది. నాకు నొప్పి తెలియలేదు. అదే నాకు బాధ.

కార్తీకం దాటాక బెంగళూరు కొట్టువాళ్ళు జంటచిలకల అంచు మళ్ళీ కావాలన్నారు. పట్టాభి ఆమె ఫోల్డర్ తెరిచాడు. తొమ్మిది ఉన్నాయి. మళ్ళీ తెరిచాడు. తొమ్మిదే. గళ్ళు నాలో భద్రంగా ఉన్నాయన్న ధైర్యంతో, అరిగిన పాత అట్టలను ఎప్పటికప్పుడు పొయ్యిలో పెట్టేశారు. ఇప్పుడు అవీ లేవు.

సభ్యులు పట్టాభి మీద పడ్డారు. సంతకం నీదేనన్నారు. మరమగ్గాలవాళ్ళకు అమ్ముకున్నావేమో అని కూడా ఒకడు అనేశాడు. పట్టాభిని తీసేయాలని మీటింగు పెట్టారు. నన్నింకా మూల నుంచి కదిలించలేదు కాబట్టి అన్నీ విన్నాను. కంపెనీ వాళ్ళు పంపిన ఉత్తరాన్ని పెంచలయ్య పైకి చదివాడు: మహర్నవమి ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మీ వైపే మిషన్ ఆపేశారు, మా బాధ్యత లేదు.

"ఆ పొద్దు ఎవరుండారీడ?" అన్నాడు పెంచలయ్య. మాట పూర్తికాకముందే ఆయనకు తెలిసిపోయింది. తల దించుకున్నాడు.

కామాక్షమ్మ లేచి నిలబడింది. "పట్టాభిని అనబాకండి. తాళం నాకాడుండింది. ఆపింది నేను" అంది.

"నీకు జెప్పకుండా పోయింది నేనక్కా" అన్నాడు పట్టాభి. ఏడుస్తున్నాడు.

పెంచలయ్య కళ్ళద్దాలు తీసి ఉత్తరం మీద పెట్టాడు. "విప్పి చూడకుండా తీసుకునింది నేను. నువ్వు ఆ పొద్దే అడిగితివి, నేను నవ్వితిని. మా నాయనుంటే నన్ను వాకిట్లో నిలబెట్టుండు" అన్నాడు. పట్టాభి ఉద్యోగం నిలిచింది. ఒకరి తర్వాత ఒకరు ఆ రోజు తప్పు తమదేనన్నారు. నా తప్పు చెప్పుకునే వీలు నాకు లేకపోయింది.

నన్ను ఈ గోడౌనుకు మార్చాక, పక్క గదిలో పట్టాభీ కామాక్షమ్మా కూర్చుని చెప్పుకునే మాటలు వినిపిస్తూ ఉంటాయి. పాత చీరలు పోగు చేస్తున్నారు. ఈ ఊళ్ళో చీరలు నేసే ఇళ్ళల్లో ఆ చీరలు కట్టుకున్నవాళ్ళు తక్కువ, అందుకే దొరికేది ఏ నాలుగైదిళ్ళలోనో. దొరికిన అంచును ఒళ్ళో పరుచుకుని, ఆమె గోటితో పోగులు లెక్కపెడుతూ, "మూడు విడువు, రెండు నింపు, ఒకటి విడువు" అని చెబుతుంది. అతను కొత్త కంప్యూటర్లో గళ్ళు నింపుతాడు. ఏడాదికి పదకొండు డిజైన్లు తేలాయి. నాలుగు వందల మూడు పోతే పదకొండు. మల్లెమొగ్గ చీర మాత్రం ఏ ఇంట్లోనూ దొరకలేదు. అది ఎలా ఉంటుందో చెప్పబోయి ఒకరోజు ఆమె మధ్యలో ఆగిపోయింది. తనకే సరిగా గుర్తు రావడం లేదంది.

మొన్న దశమి. నవమి నాడు గోడౌన్లోని నాడెలకూ పూజ చేసి వెళ్ళినవాళ్ళు పొద్దున్నే లేపడానికి వచ్చారు. అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చింది. తడుముతూ నా దగ్గర కూర్చుంది. కొంగుతో దుమ్ము తుడిచింది. మీట పక్కన పాత కుంకుమ ఎండి అట్ట కట్టి ఉంటే, దాని మీదే కొత్తది పెట్టింది. నా వెనక్కి చెయ్యిపెట్టి తీగ కోసం వెతికింది. తీగ లేదు. ఎప్పుడో తీసేశారు. చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

తర్వాత ముందుకు వంగి, "లెయ్యి తల్లీ, పనుండాది" అని మీట నొక్కింది.

లేవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఆమె వేలు తీయకుండా ఎదురుచూసింది. బయట మగ్గాలు ఆడడం మొదలైంది.

"సరేలే" అంది. "పండుకో."